ఓటులేనివారి కొఱకు ఓటు

ఓటు ఎవరి సొత్తు అను ప్రశ్నకు మనలో పెక్కురు తడుముకొనకుండ ఉత్తరము చెప్పుదురు. అది వేయువాని సొత్తు. వాని మేలుకొఱకు వాని యిష్టము వచ్చినట్లు వాడుకొనదగినది. ఇష్టము లేనినాడు ఇంట కూర్చుండి మానుకొనదగినది. శాసనసభల యెన్నికల విషయమున ఈ యుత్తరము కొంతవఱకు చెల్లునేమో! అచ్చట ఓటు వేయువాడును ఫలమనుభవించువాడును చాలవఱకు ఒక్కడే. పన్ను పెరిగినచో తానే చెల్లించును. రోడ్డు చెడినచో తానే పడుచు లేచుచు పోవును. తన యుపేక్షకు తానే శిక్ష యనుభవించును గనుక ఇతరులు వానిని గట్టిగా నిందింపజాలరు. కాని ఓటు వేయువాడొకడును, దాని ఫలమును ప్రొద్దుటి బడిగంట మొదలు సాయంకాలపు గంటవఱకు అనుభవించువారు వేఱొకరును అయిన ఎన్నిక యొకటి కలదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో జరుగు స్కూలుబోర్డు ఎన్నిక అట్టిది. అందు ఓటు వేయకుండుట తన హక్కును వదలుకొనుటయా, లేక పరుల సొమ్మును పాడుచేయుటయా యని యీ వ్యాసమున విచారింపదలచితిమి.

దూరదేశపు ముచ్చట మనకేల యని చదువరులు శంకింపవచ్చును. ఆ దేశమున నేడు తెలుగువారు లక్షలసంఖ్యలో నున్నారు. వారిలో పౌరసత్వము పొంది ఓటుహక్కు సంపాదించినవారు ననేకులు. అంతియకాక, ఆ యెన్నికలోని ధర్మసూక్ష్మము మన గ్రామములోని బడిగడపవఱకును వచ్చును. ఆ సంగతి తుదకు విన్నవించెదము.

ముందుగా ఆ బోర్డుల స్వరూపమును తెలిసికొందము. అమెరికాలో విద్య కేంద్రప్రభుత్వపు చేతిలోని విషయము కాదు; రాష్ట్రములది. రాష్ట్రములు ఆ భారమును చాలవఱకు స్థానికములైన పాఠశాలామండలములకు అప్పగించినవి. ఇట్టి మండలములు దేశమంతట సుమారు 13,000 కలవు. మండలమునకొక బోర్డు, బోర్డునకు తఱచుగా అయిదుగురో, ఏడుగురో, తొమ్మండుగురో సభ్యులు. మిక్కిలిచోట్ల వారిని ఆ యూరివారే యెన్నుకొందురు. సభ్యులలో అనేకులు జీతము లేక పనిచేయువారు. పగలు తమ వృత్తులు చూచుకొని సాయంకాలము సభకు వచ్చువారు. చూచుటకిది చిన్న పదవి. కాని మండలములోని బడులన్నిటిని నడుపు సూపరింటెండెంటును నియమించువారు వీరే. సంవత్సరపు ఆదాయవ్యయములకు అంగీకారము తెలుపువారు వీరే. ఉపాధ్యాయుల జీతముల ఒడంబడికపై సంతకము చేయువారు వీరే. ఏ పాఠ్యగ్రంథమును కొనవలెను, ఒక తరగతిలో ఎందఱు పిల్లలను కూర్చుండబెట్టవలెను, సంగీతము నేర్పు పంతులమ్మను ఉంచుకొనవలెనా మాన్పింపవలెనా, పిల్లలు తగ్గిన బడిని మూయవలెనా — ఇట్టివన్నియు తిరిగి తిరిగి వీరి బల్లమీదికే వచ్చును. బడుల వ్యయములో సగమునకు కొంచెము తక్కువ భాగము స్థానికాదాయము నుండియే, అందును ముఖ్యముగా ఇండ్లపైని భూములపైని పన్నుల నుండియే, వచ్చును.

ఇంతటి యధికారమును ఇచ్చు ఎన్నికకు వచ్చువారెందఱు? 2020వ సంవత్సరమున జరిగిన అధ్యక్షుని ఎన్నికలో ఓటుకు అర్హులైనవారిలో సుమారు మూడింట రెండువంతుల మంది ఓటు వేసిరి. స్కూలుబోర్డు ఎన్నికలకు నూటికి పదిమందియైనను రాని చోట్లు అనేకములు. వీనిని పలుచోట్ల పెద్దయెన్నికలతో కలుపక వేఱొక సంవత్సరమునందో, వేఱొక మాసమునందో జరుపుదురు. ఆనాడు పత్రికలలో కోలాహలము లేదు. వీథులలో ఊరేగింపులు లేవు. కావున వచ్చెడువారు రెండు తెగలవారు: బడిమీద నిజముగా ప్రేమ గలవారు, బడివలన తమకేదో ఒక కార్యము కావలసినవారు. మొదటి తెగవారు నిదురించిననాడు రెండవ తెగవారికి కొలదిపాటి ఓట్లే చాలును.

ఇప్పుడు ఒక తరగతిగదిలోనికి పోయి చూతము. అందు నున్నవారెవరు? ముప్పదిమందియో, ఇరువదియైదుగురో పిల్లలు, ఒక యుపాధ్యాయుడు. పిల్లలకు ఓటు లేదు. 1971వ సంవత్సరమున రాజ్యాంగమునకు చేసిన 26వ సవరణచే ఓటువయస్సు 18 సంవత్సరములుగా నిలిచినది గనుక ఆ బడిలోని వారందఱును, పై తరగతులలోని కొలదిమంది తప్ప, దానికి వెలుపలివారే. ఉపాధ్యాయునికైనను కలదా? ఓటు పనిచేయుచోట నుండదు, నివసించుచోట నుండును. ఇండ్లవెలలు మిన్నంటిన పట్టణమున బడి చెప్పు నుపాధ్యాయిని అక్కడ ఇల్లు కొనజాలక ప్రక్కమండలమున కాపురముండి ప్రతిదినము బండి తోలుకొని వచ్చుచున్నచో, ఆమె జీతమును నిర్ణయించు బోర్డును ఎన్నుకొనుటలో ఆమెకు పాత్ర లేదు. ఆమె ఎంతటి విదుషియైనను, ముప్పది యేండ్లుగా ఆ యూరి పిల్లలకు అక్షరములు దిద్దించినదైనను, ఆనాటి పెట్టెలో ఆమె చీటి పడదు.

కావున ఇది గదిలో లేనివారు గదిలోనివారిని గుఱించి తీర్పుచెప్పు ఎన్నిక. ఇట్టి చోట ఓటు వేయువాని సొత్తు కాదు, అది ఇల్లడ. పొరుగువాడు ఊరికి పోవుచు దాచియుంచుమని యిచ్చిన సొమ్మును మన పెద్దలు ఇల్లడ యనిరి. దానిని తాను వాడుకొన్నవాడు దొంగ, సరే. దానిని వాకిట పడవేసి తలుపు మూసికొని పండుకొన్నవాడెవడు? వాడు దొంగిలింపలేదు, నిజమే. కాని సొమ్ము పోయినది. ఆ సొమ్ము తనది కాదు.

ఈ మాటలు ఉత్ప్రేక్షలని తోచువారికి పెన్సిల్వేనియా రాష్ట్రములోని డోవర్ అను నూరి కథ చెప్పెదము. యార్కు కౌంటీలోని ఆ మండలమున ఆ కాలమున సుమారు 3,700 మంది విద్యార్థులు, తొమ్మండుగురు సభ్యులు గల బోర్డు. బోర్డులోని కొందఱికి, జీవులు క్రమపరిణామముచే కలిగినవని చెప్పు డార్విను సిద్ధాంతము సమ్మతము కాదు. జీవశాస్త్రమునకు క్రొత్త పాఠ్యగ్రంథమును కొనుటయే యీ కారణమున కొంతకాలము చిక్కుపడెను. తుదకు 2004 అక్టోబరు 18వ తేదీన బోర్డు, ఆఱుగురు ఔననగా మువ్వురు కాదనగా, ఒక తీర్మానము చేసెను: డార్విను సిద్ధాంతములో లోపములు కలవనియు, బుద్ధిగల యొక కర్త జీవులను రూపొందించెనను వాదము వంటివి వేఱుగా కలవనియు విద్యార్థులకు తెలుపవలెను. కాదనినవారిలో భార్యాభర్తలైన ఇరువురు ఆ సభలోనే పదవులు వదలిరి. తొమ్మిదవ తరగతి జీవశాస్త్రపు గదిలో ఈ యర్థముగల ప్రకటన నొకదానిని ఉపాధ్యాయులు చదివి వినిపింపవలెనని ఆజ్ఞ వెలువడెను.

ఉపాధ్యాయులేమి చేసిరి? వారు బోర్డు క్రింది ఉద్యోగులు. ఎదిరించినచో కొలువునకు ముప్పు కలుగవచ్చును. ఐనను 2005 జనవరిలో వారు సూపరింటెండెంటునకు లేఖ వ్రాసి తాము చదువమని తెలిపిరి. తెలిసి తెలిసి పాఠ్యవిషయమును తప్పుగా చెప్పరాదను నియమము ఆ రాష్ట్రపు ఉపాధ్యాయవృత్తిధర్మములలో కలదు. శాస్త్రము కానిదానిని శాస్త్రమని నమ్మించు ప్రకటనను చదువుట ఆ ధర్మమునకు భంగమని వారి వాదము. అప్పుడు పరిపాలనాధికారులే గదులలోనికి వచ్చి ప్రకటన చదివిరి. జీవోత్పత్తిని గుఱించిన చర్చను విద్యార్థులకును వారి కుటుంబములకును వదలుచున్నామని అందులోనే వ్రాయబడియుండెను. అనగా, బడిగదిలో ఒక మాట చెప్పబడినది. దానిని గుఱించి ప్రశ్న వేయుటకు గురువు లేడు. పాఠము చెప్పువాడు చెప్పననినపుడు పాఠము చెప్పనివాడు వచ్చి చెప్పిపోయెను. ఏ మతమువారికైనను, ఏ మతము లేనివారికైనను ఇంతకన్న విచారకరమైన దృశ్యము మఱొకటి యుండునా?

పదునొకండుగురు తలిదండ్రులు 2004 డిసెంబరులోనే న్యాయస్థానమున వ్యాజ్యము వేసియుండిరి. 2005 సెప్టెంబరు 26 మొదలు నవంబరు 4 వఱకు విచారణ సాగెను. తీర్పు రాకమునుపే, నవంబరు 8వ తేదీన బోర్డుకు ఎన్నిక వచ్చెను. మరల నిలువబడిన పాతసభ్యులు ఎనమండుగురు, ఎనమండుగురును ఓడిరి. గెలిచినవారిలో ఒకరు మునుపు ఆ బడిలోనే భౌతికశాస్త్రము బోధించినవారు. డిసెంబరు 20వ తేదీన న్యాయాధిపతి మూడవ జాన్ ఇ. జోన్సు 139 పుటల తీర్పు నిచ్చి, ఆ వాదము శాస్త్రము కాదనియు, దానిని బడిలో ప్రవేశపెట్టుట ప్రభుత్వము మతమును స్థాపింపరాదను రాజ్యాంగనియమమునకు విరుద్ధమనియు నిర్ణయించెను. ఈ న్యాయాధిపతి రిపబ్లికన్ పక్షమువాడు. అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ నియమించినవాడు. ఓడిన మండలము వాదుల న్యాయవాదులకు 10 లక్షల డాలర్లకు పైగా చెల్లింపవలసివచ్చెను. ఆ సొమ్ము పుస్తకములకును, ప్రయోగశాలలకును, ఉపాధ్యాయులకును పోదగిన సొమ్ము.

ఈ కథలో మువ్వురు పని చేసిరి: ఉపాధ్యాయుడు, న్యాయాధిపతి, ఓటరు. ఉపాధ్యాయుని యంతరాత్మ గొప్పదే. కాని దాని శక్తి యెంత? నేను చదువను అని చెప్పుటవఱకే. చదువువాడు వేఱొకడు వచ్చినపుడు అది ద్వారముకడ నిలిచిపోయెను. న్యాయస్థానము గొప్పదే, కాని ఇది చేయరాదని చెప్పుటయే దాని పని. మంచి సూపరింటెండెంటును వెదకుట, మంచి పుస్తకము నెన్నుకొనుట, భయపడిన యుపాధ్యాయులకు ధైర్యము చెప్పుట దాని పని కాదు. నిషేధించుట ఇరువురును చేసిరి. నిర్మించు నధికారము ఓటరు చేతనే యుండెను. తీర్మానము చేసిన బోర్డును ఎన్నుకొన్నదియు ఆ యూరే యనుట మఱవరాదు. ఆ సభ్యులలో పెక్కురు పూర్వపు ఎన్నికలలో గెలిచివచ్చినవారు. 2005లో మేల్కొన్న యోటరు అంతకు ముందే మేల్కొనియున్నచో గురువునకు ఆ పరీక్షయు, ఊరికి ఆ దండుగయు లేకపోవును. ధర్మము తెలిసిన యుపాధ్యాయుడు ఒంటరిగా నిలువవలసివచ్చుట ఆతనికి కీర్తి కావచ్చును; ఆ యూరికి మాత్రము కీర్తి కాదు.

ఇక ఆక్షేపణలను విచారింతము. మాకు బడియీడు పిల్లలు లేరు, మాకేల ఈ యెన్నిక యని కొందఱందురు. మన యూళ్లలో తగవు తీర్చుటకు ఎట్టి పెద్దమనిషిని వెదకుదుము? ఆ పొలములో పాలు లేనివానిని. తన బిడ్డ తరగతినే చూచు తండ్రి ఒక తరగతి మేలే కోరవచ్చును. బిడ్డలు లేనివాడు బడియంతటి మేలును కోరగలడు. స్వార్థము లేకుండుట ఇల్లడ మోయుటకు అనర్హత కాదు, అర్హత. ఆతడు చిన్ననాడు చదివిన చదువునకు పన్ను కట్టినవారిలో ఆతని తలిదండ్రులు కానివారే యెక్కువ యని జ్ఞాపకము చేయుటయు తప్పు కాదు.

విద్యావిషయములు నిపుణులకు తెలియును, మాబోటివారు కలుగజేసికొనుట యెందుకని మఱికొందఱి వినయము. ఈ వినయము అందముగానే యున్నది. కాని నిపుణులకు మాటచెల్లుట ఎవరివలన? డోవరులో జీవశాస్త్రము తెలిసినవారు ఉపాధ్యాయులు. వారి మాటను త్రోసివేసినవారు సభ్యులు. నిపుణుని మాట వినువానిని పదవిలో కూర్చుండబెట్టుట నిపుణుడు చేయగల పని కాదు. అది సామాన్యుని పని. జీవశాస్త్రము తెలియనక్కఱలేదు, తెలిసినవానిని గౌరవించువాడెవడో తెలిసినచో చాలును.

మూడవ యాక్షేపణ బరువైనది. అధికసంఖ్యాకులు తప్పుదారి పట్టినచో? డోవరు ప్రజలు పాతబోర్డునే గెలిపించియున్నచో ఆ వాదము శాస్త్రమైపోవునా? కాదు. ఓటు సత్యమును నిర్ణయింపజాలదు. రెండును రెండును నాలుగనుటకు ఎన్నిక యక్కఱలేదు. ప్రజలెట్లు ఓటు వేసినను న్యాయస్థానపు ద్వారము తెఱచియే యుండెడిది. ఇల్లడయని మేము చెప్పుటలోని యర్థమే యిది: ఇల్లడ సొమ్మునకు యజమానుడు వేఱుగా నున్నాడు గనుక దానిని దాచువానికి హద్దులు కలవు. బిడ్డకు నిజము తెలియు హక్కు ఓట్లచే పుట్టినది కాదు, ఓట్లచే పోవునదియు కాదు. హద్దులు కలవని చెప్పి కావలి మానుకొనుట మాత్రము న్యాయము కాదు.

ఈ యోటు విలువను ఎఱిగినవారు పూర్వము లేకపోలేదు. అమెరికాలో స్త్రీలకు పలు రాష్ట్రములలో మొదట తెఱచుకొన్న తలుపు ఇదియే. కెంటకీ రాష్ట్రము 1838లోనే, గ్రామములలో కుటుంబభారము మోయుచున్న కొందఱు స్త్రీలకు పాఠశాలావిషయములలో ఓటునిచ్చెను. మసాచుసెట్సులో 1879లో స్త్రీలకు స్కూలుకమిటీ యెన్నికలో మాత్రము ఓటు లభించెను. 'లిటిల్ విమెన్' నవల వ్రాసిన లూయిసా మే ఆల్కాట్ కాంకర్డు గ్రామమున ఆ పట్టికలో మొట్టమొదట పేరు వ్రాయించుకొన్న స్త్రీ. 1880 మార్చిలో ఆమెయు మఱి కొందఱును, అందఱు కలసి ఇరువదిమంది, ఓటు వేసిరి. దేశమంతట స్త్రీలకు సంపూర్ణమైన ఓటుహక్కు 1920లో గాని రాలేదు. నలువదియేండ్ల ముందు, మఱి ఏ యోటును లేనినాడు, ఈ యొక్క యోటు కొఱకు వీరు గడప దాటిరి. నేడు అన్ని యోట్లును గలవారు దీనినొక్కదానిని మఱచుచున్నారు!

అచ్చటి మన తెలుగువారితో నొక మాట. ఇల్లు కొనుటకు ముందు ఆ వీథి ఏ బడిక్రిందికి వచ్చునో, ఆ బడికెంత మంచిపేరో విచారింపని తెలుగుకుటుంబము అరుదు. మంచిబడి యున్నచోట ఇంటివెల హెచ్చినను వెనుదీయరు. అంత శ్రద్ధతో బడిని ఎన్నుకొన్నవారు బడిని నడుపువారిని ఎన్నుకొను దినమును ఎఱుగకుండుట చిత్రము. పండిన చెట్టును కొని నీరుపోయుటను పొరుగువానికి వదలినట్లున్నదిది. ఇంకను పౌరసత్వము రానివారు సయితము నిస్సహాయులు కారు. బోర్డు సభలు బహిరంగముగా జరుగును; పోయి వినవచ్చును, పలుచోట్ల లేచి మాటాడవచ్చును. శాన్ ఫ్రాన్సిస్కో నగరపు ఓటర్లు 2016లో, తమ నగరమున బిడ్డలను పెంచుచున్న పౌరులు కాని తలిదండ్రులకు సయితము స్కూలుబోర్డు ఎన్నికలో ఓటునిచ్చుటకు సమ్మతించిరి. 2018 నుండి వారు ఓటు వేయుచున్నారు.

ఇక మన యింటి సంగతి. మదరాసు రాజధానిలో తాలూకాబోర్డులును జిల్లాబోర్డులును బడులు నడిపిన కాలమున, బోర్డు పంతులు అనగా అధ్యక్షుని కనుసన్నల బ్రదుకువాడని లోకము జాలిపడెడిది. ఆ బోర్డులు పోయినవి. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడు పాఠశాలలలో యాజమాన్యకమిటీ యుండవలెను. అందు నాలుగింట మూడువంతులకు తక్కువ కాకుండ తలిదండ్రులుండవలెను. సభ్యులలో సగము స్త్రీలుండవలెను. ఆంధ్రప్రదేశమున 2024 ఆగష్టు 8వ తేదీన ఇట్టి కమిటీలకు ఎన్నికలు జరిగినవి. అమెరికా బోర్డునకు గల యధికారము వీనికి లేదు. ఉపాధ్యాయుని నియమింపజాలవు, జీతము నిర్ణయింపజాలవు. కాని బడి నడకను కనిపెట్టుటయు, అభివృద్ధిప్రణాళికను తయారుచేయుటయు, వచ్చిన సొమ్ము ఎట్లు వ్యయమైనదో చూచుటయు చట్టము వీనికిచ్చిన పనులు.

ఇట్టి సమావేశము నొకదానిని మేమొక గ్రామమున చూచితిమి. ప్రధానోపాధ్యాయులు పిల్లలను ఇండ్లకు పంపి తల్లులను పిలిపించుచుండిరి. వచ్చినవారు కొందఱు పుస్తకమున సంతకము చేసి పోవుటకు తొందరపడుచుండిరి. కూలిపని వదలి వచ్చిన యొక తల్లి మాత్రము కదలక, "హెడ్మాస్టరుగారూ, మా పిల్లకి లెక్కలు చెప్పే సారు ఎప్పుడొస్తారండీ?" అని యడిగినది. ఆయన కొంచెముసేపు ఊరకుండి, "ఆ మాటే నేను నాలుగుసార్లు పైకి రాశానమ్మా. మీరంతా కూడి తీర్మానం చేసి రాస్తే దాని బరువు వేరు" అనిరి. ఆ తల్లికి సగము దినపు కూలి పోయినది. ఆమె యడిగినది తన పిల్లకొఱకే. కాని ఆ ప్రశ్నవలన తరగతిలోని పిల్లలందఱికిని, నాలుగుమారులు వ్రాసి అలసిన యా గురువునకును నోరు వచ్చినది.

మన దేశమున ఏ యెన్నిక వచ్చినను ఓటు వేయుటకు మనము పోవునది తఱచుగా బడికే. పిల్లల బల్లలను ప్రక్కకు జరిపి, నల్లబల్ల ముందు పెట్టె నుంచి, రాత్రి అక్కడనే పండుకొని లేచి ఆ యెన్నికను నడుపువారిలో పెక్కురు ఉపాధ్యాయులే. మన యోట్లన్నిటిని వారు కాపాడి లెక్కకు చేర్చుచున్నారు. ఏ గదిలో నిలువబడి మనకొఱకు ఓటు వేసికొందుమో, ఆ గది కొఱకు ఓటు వేయవలసిన దినమున మనకు తీరిక లేదనుట ధర్మమా? చదువరులే విచారింతురు గాక. విచారించి, ఆ దినమున బడికి పోవుదురు గాక.